గనిలోని నియమము - బాటలోని నిర్లక్ష్యము

గోదావరిఖని, రామగుండము ప్రాంతమున దినమునకు మూడుమార్లు బాటలు జనముతో నిండును. ఉదయము 7 గంటలకు ఫస్టు షిఫ్టు, మధ్యాహ్నము 3 గంటలకు సెకండు షిఫ్టు, రాత్రి 11 గంటలకు నైటు షిఫ్టు. పనికి పోవువా రొకవంక, పని ముగించి వచ్చువా రొకవంక. ఆ కొలది నిమిషములలో వేలకొలది మోటారుసైకిళ్లు కాలనీలనుండి గనులకును, గనులనుండి కాలనీలకును సాగును. వానినడుమనే బొగ్గు టిప్పర్లు, బూడిద లారీలు, బడిపిల్లల ఆటోలు, ఆర్టీసీ బస్సులు. హైదరాబాదునుండి కరీంనగరము, పెద్దపల్లి మీదుగ వచ్చు రాజీవ్ రహదారి యీ స్థానిక సమ్మర్దమును, గోదావరి వంతెన దాటి మంచిర్యాల వైపునకు పోవు దూరప్రయాణపు బండ్లను గూడ మోయుచున్నది.

ఇంతటి యొత్తిడిగల చోట బండి తోలుట యొక విద్య యనియు, దానిని క్రమముగ నేర్చినవాడే బండి ముట్టవలెననియు మన సంఘమునకు తోచినదా? తోచలేదనియే చెప్పవలసియున్నది. ఆ విద్య విలువ తెలియక తోచలేదని యనుటకు వీలులేదు. యంత్రమున కెదురుగ మనుష్యుడు ఎంత జాగ్రత్తతో మెలగవలెనో బొగ్గుగని కార్మికునికంటె నెక్కువగ నెఱిగినవారు దేశమున కొలదిమందియే యుందురు. ఆ యెఱుకను గనిగేటుకడ విడిచి యింటికి వచ్చుచున్నాము. ఈ వారము పాఠకులకు మేము విన్నవింపదలచిన విషయ మిదియే.

గేటులోపల నడచు ధర్మ మెట్టిదో చూడుడు. 1966 నాటి గనుల వృత్తిశిక్షణ నియమముల ప్రకారము క్రొత్తగ చేరిన కార్మికుడు శిక్షణము పొందనిదే పనిలో దిగరాదు. పని మాఱినచో మఱల శిక్షణము. పని మాఱకున్నను నియతకాలమున మఱల శిక్షణము. ఓపెన్‌కాస్టు గనిలో పెద్ద డంపరును ఎవడు పడితే వాడు తోలరాదు. మేనేజరు వ్రాతమూలకముగ నధికార మిచ్చిన శిక్షితుడే తోలవలెను. ఎక్కుటకు ముందు బ్రేకు, హారను, దీపములు, టైర్లు చూచుకొనవలెను. లోపము కనబడినచో వ్రాసి యప్పగింపవలెను. కదలునపుడు హారను మ్రోయవలెను. వెనుకకు నడుపునపుడు హెచ్చరికగంట మ్రోయవలెను. డంపరు దారి యంచున గట్టు పోసియుండవలెను. పైపైన చూచువానికి ఇవి చిల్లర నియమములుగ తోచవచ్చును. కాని వీనిలో ప్రతిదాని వెనుకను ఎక్కడనో యొకచోట, ఎన్నడో యొకనాడు పోయిన ప్రాణ మొకటి కలదు.

ఈ నియమము లన్నియు నెల్లప్పుడును సంపూర్ణముగ సాగుచున్నవని మేము చెప్పము. సాగనినాడు కుటుంబములు దిక్కులేనివగుటయు ఈ ప్రాంతమునకు తెలియనిది కాదు. కాని నియమ మనునది యొకటి కలదు; అది తప్పినపుడు తప్పు జరిగినదని వేలెత్తి చూపుటకు ఒక కొలత కలదు; చూపువానికి శాసనము తోడు కలదు. బాటపై ఆ కొలతయే కొఱవడినది.

షిఫ్టు ముగించి గేటు దాటినంతనే ఆ మనుష్యుడే మఱియొక మనుష్యు డగుచున్నాడు. తలపై టోపీ లేనిదే బాయిలో దిగనివాడు హెల్మెట్టును మోటారుసైకిలు అద్దమునకు తగిలించుకొని బయలుదేరును. లోపల డంపరు చాటున నిలుచుట మృత్యువని యెఱిగినవాడు బయట టిప్పరు ప్రక్కసందులో దూరును. లోపల బ్రేకు సడలిన యంత్రమును ముట్టనని మొండికెత్తువాడు బయట అరిగిన టైరుతో భార్యాబిడ్డల నెక్కించుకొని పెండ్లికి పోవును. బాయి పైకప్పువలె బాట పైన కూలునది యేదియు లేదను ధైర్యము కాబోలు! కూలునది లేదు, కాని బాటపై కూలుచున్నవారి లెక్క యేమి?

2003 జూన్ 16వ తేదీని గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోనికి నీరు చొరబడి 17 మంది కార్మికులు మరణించిరి. ఆ దినమును ఈ ప్రాంతము నేటికిని మఱువలేదు, మఱువరాదు. ఇక కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ ప్రకటించిన లెక్క చూడుడు. 2023వ సంవత్సరమున మనదేశపు బాటలపై ప్రమాదములలో 1,72,890 మంది మరణించిరి. దినమునకు 470 మందికి పైగ. గంటకు దాదాపు 20 మంది. అనగా 7 ఎల్‌ఈపీలో జరిగినంతటి ప్రాణనష్టము మన బాటలపై గంటగంటకును జరుగుచున్నది. అది ఒక్కచోట జరుగనందున సంతాపసభ లేదు, పతాక అవనతము లేదు. ఒక్కొక్క యింటిలో ఒక్కొక్కరు చొప్పున పోవుచున్నారు గావున ప్రతి యిల్లును తన దుఃఖము తన కర్మమని యూరకున్నది.

ఆ లెక్కలలో మఱికొన్ని పద్దులు మనకు మిక్కిలి దగ్గఱివి. 2022లో బాటపై మరణించినవారిలో నూటికి 44 మంది ద్విచక్రవాహనములపై పోవుచుండినవారు. హెల్మెట్టు ధరింపక మరణించినవారు 50,029 మంది. మొత్తము మరణములలో నూటికి 70 వఱకు అతివేగము పద్దు క్రింద వ్రాయబడినవి. మోటారుసైకిలు ఇంటింటి వాహనమైన మన కాలనీలకు ఈ యంకెలు దూరదేశపు వార్తలు కావు.

గనిలో నొక్క కార్మికుడు మరణించినచో జరుగున దేమి? శాసనము ననుసరించి వెంటనే అధికారులకు తెలియజేయవలెను. పరిశీలకుడు వచ్చిచూచువఱకు, లేదా శాసనము విధించిన గడువు దాటువఱకు, ప్రమాదస్థలమును కదలింపరాదు. ధన్‌బాదు కేంద్రముగ పనిచేయు గనుల భద్రతా డైరెక్టరు జనరలు శాఖవారు కారణ మారసి, అట్టిది మఱల జరుగకుండుటకు చేయవలసిన మార్పులను సూచింతురు. బాటపై నొక్కడు మరణించినచో జరుగున దేమి? పోలీసుల నివేదికలో “అతివేగముగను నిర్లక్ష్యముగను” అను రెండుమాటలు పడును. వాడు ఎవరికడ నేర్చెను? ఎన్ని గంటలు నిద్రలేక తోలెను? బ్రేకు ఎట్లుండెను? ఆ మలుపున దీప ముండెనా? ఈ ప్రశ్నల నడుగువారు అరుదు. ఆ రెండుమాటలు కారణమును తెలుపుట కుపకరింపక, కారణమును వెదకకుండుటకు సాకుగ మాఱినవి.

ఒక్క సంగతి యిచ్చట జ్ఞాపకము చేయవలెను. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు జాడ కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ యేర్పడెను. 1920లో సింగరేణి కాలరీస్ అను పేరు వచ్చెను. తవ్వుకోలతో పెల్లగించి తట్టల కెత్తిన ఆనాటి పనికిని నేటి పనికిని పోలికయే లేదు. 2023-24లో కంపెనీ తీసిన బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు. అందు పదింట తొమ్మిదివంతులు ఓపెన్‌కాస్టు గనులలోనిది. షావెలు ఎత్తును, డంపరు మోయును, టిప్పరు చేర్చును. అనగా నేడు బొగ్గుపని చాలవఱకు బండి తోలు పనియే. కాబట్టి ఈ ప్రాంతమున డ్రైవరు విద్య పక్కదారి విద్య యనుట పొరపాటు; మన యన్నము పుట్టు విద్య యిదియే. నేతకు ప్రసిద్ధిగాంచిన యూరిలో మగ్గము నెఱుగని యింట నూలు చిక్కుపడినట్లు, బండ్లచే బ్రతుకు నూరిలో బండి విద్య దిక్కులేనిదైనది.

గేటు బయట ఆ విద్య ఎట్లు సంపాదింపబడుచున్నది? పిల్లవాడు పదవతరగతి ముగించినంతనే తండ్రి మోటారుసైకిలు వాని చేతబడును. వీధిచివర ఖాళీస్థలమున స్నేహితుడు గురువు. గేరు వేయుట, క్లచ్చు వదలుట, పడకుండుట — ఈ మూడును వచ్చినచో విద్య ముగిసినది. పదునెనిమిదవ యేట లైసెన్సు కొఱకు దళారి నాశ్రయించును. అచ్చట ఎనిమిది అంకె ఆకారమున బండి త్రిప్పి చూపును. ఎనిమిది త్రిప్పుట బండిని నిలువబెట్టు నేర్పును తెలుపును. లారీ వెనుక ఎంత దూర ముంచవలెనో, వర్షము కురిసిన బొగ్గుధూళి బాటపై ఎప్పుడు బ్రేకు వేయవలెనో అది తెలుపజాలదు. అయినను ఆ నిమిషముతో వాడు శాసనముచే డ్రైవరుగ నంగీకరింపబడును. నలుబదియేండ్లపాటు మఱల నెవ్వరును వాని నేమియు అడుగరు.

నేర్పవలసిన దేదియో చూతము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు 16 మీటర్లకు పైగ ముందుకు దూకును. ఎదుట పశువు వచ్చినదని కన్ను చూచి, మనస్సు గ్రహించి, కాలు బ్రేకు నొక్కుటకే సెకనో, సెకనున్నరయో పట్టును. ఆలోగా బండి ఇరువది మీటర్లు పోయినది. పిమ్మటగాని బ్రేకు పని ప్రారంభింపదు. వేగము రెండింతలైనచో బ్రేకు నొక్కిన తరువాత బండి నిలుచుటకు పట్టు దూరము నాలుగింత లగును. ఈ నాలుగింతల లెక్క తెలిసిన పిల్లవాడు, తెలియని పిల్లవాడు ఒక్కతీరున బండి తోలరు. ఇది హైస్కూలు భౌతికశాస్త్రములోని పాఠమే. కాని పరీక్షకాగితము దాటి బాటమీదికి రాలేదు.

టిప్పరు సంగతి మఱియొకటి. ఎత్తైన గదిలో కూర్చున్న డ్రైవరునకు తన బండి ముందు భాగమున కానుకొని యున్నదియు, ఎడమప్రక్క చక్రములకడ నున్నదియు అద్దములలో గూడ సరిగ కనబడదు. ఎడమవైపు మలుపు తిరుగునపుడు వెనుకచక్రములు ముందుచక్రముల జాడను విడిచి లోపలికి కోసికొని వచ్చును. చౌరస్తాలో ఆ ప్రక్కసందున నిలిచిన మోటారుసైకిలువాడు తాను టిప్పరును చూచుచున్నాను గావున టిప్పరు తన్ను చూచుచున్నదని భ్రమపడును. ఈ యొక్క భ్రమ పోగొట్టుటకు అరగంట చాలును. బడిపిల్లల నొక్కొక్కరిని నిలిచియున్న లారీ డ్రైవరు స్థానమున కూర్చుండబెట్టి, “నీ స్నేహితుడు ప్రక్కన నిలుచున్నాడు, కనబడుచున్నాడా?” యని యడిగినచో జన్మమంతయు మఱువడు.

నైటు షిఫ్టు ముగించి వచ్చువాని కొక పాఠము కలదు. తెల్లవారుజామున శరీరము నిద్ర కోరును. కన్ను తెఱచియుండగనే మనస్సు రెండు మూడు సెకన్లు నిద్రించును. అది సోమరితనము కాదు, శరీరధర్మము. పౌరుషముతో దానిని జయింపజాలము. బండి నిలిపి ముఖము కడిగికొని కొంతసేపు కన్ను మూయుటయే దానికి మందు. బాటప్రక్క దీపములు లేక, రాళ్లు మాత్రము పేర్చి లారీని నిలుపువాని కొక పాఠము; రాత్రివేళ దాని వెనుక వచ్చువానికి ఆ రాళ్లు కనబడునప్పటికి ఆలస్య మగును. పట్టా కప్పక బొగ్గు మోయువాని కొక పాఠము. దారిలో రాలిన పెల్ల వెనుక వచ్చు ద్విచక్రవాహనమునకు యమపాశము.

ఇంతవఱకు వ్రాసినదానికి విజ్ఞు లొక యాక్షేపము చెప్పవచ్చును. పాఠములు చెప్పినంతమాత్రమున ప్రమాదములు తగ్గునా? యోగ్యమైన ప్రశ్నయే. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున డెకాల్బు కౌంటీలో 1970 తరువాతి దశాబ్దియందు వేలకొలది హైస్కూలు విద్యార్థులపై దీనిని పరీక్షించి చూచిరి. మంచి శిక్షణము పొందినవారికిని, పొందనివారికిని నడుమ శాశ్వతమైన భేదము మిక్కిలి స్వల్పముగనే కనబడినది. కొలదివారముల పాఠముతోనే లైసెన్సు చేతికిచ్చి విడిచిపెట్టినచో, పాఠము త్వరలో మఱపునకు వచ్చుననియు, యౌవనోత్సాహము నిలుచుననియు దానివలన తెలియుచున్నది. ఆ పాఠమును గ్రహించియే పలుదేశములు మెట్లుమెట్లుగ లైసెన్సు నిచ్చు పద్ధతి నవలంబించినవి. న్యూజిలాండు 1987లో దానిని ప్రారంభించెను. మొదట తోడు లేక తోలరాదు. పిమ్మట రాత్రివేళ ఒంటరిగ తోలరాదు, స్నేహితుల నెక్కించుకొనరాదు. కొంతకాలము నిర్దోషముగ గడచిన పిదపనే పూర్తి స్వాతంత్ర్యము.

బ్రిటను చరిత్రయు గమనింపదగినది. అచ్చట 1935 వఱకు రుసుము చెల్లించినవాని కెల్ల లైసెన్సు; పరీక్ష లేదు. 1931లో బాటనియమముల చిన్నపుస్తకమును ఒక్క పెన్నీ వెలకు ప్రజలకు పంచిరి. 1934లో ఆ దేశపు బాటలపై మరణించినవారు 7,343 మంది. ఆనాడు వాహనములు పాతిక లక్షల లోపు. 1935లో పరీక్షను నిర్బంధము చేసిరి. నేడు వాహనములు నాలుగుకోట్లకు చేరినను ఏటేట మరణించువారు రెండువేలకు లోపు. ఇది యంతయు పరీక్షవలననే జరిగినదనుట సత్యము కాదు. బాటలు బాగుపడినవి, బండ్లు బాగుపడినవి, వైద్యము బాగుపడినది, శాసనము నిష్పక్షపాతముగ నడచినది. కాని బండి తోలుట జన్మతో వచ్చు హక్కు కాదు, నేర్చి సంపాదింపవలసిన యర్హత యను భావము జనులలో నాటుకొనుట ఆనాటితో ప్రారంభమైనది.

కావున మేము కోరునది కేవలము పాఠము కాదు. గనిలో పాఠ మొక్కటియే మనుష్యుని కాపాడుట లేదు. పాఠము, దానిపై వ్రాతమూలకమైన యధికారము, ప్రతిషిఫ్టును కనిపెట్టియుండు ఓవర్‌మన్, నియతకాలమున మఱల పాఠము, ప్రమాదము జరిగినపుడు కారణవిచారణ — ఈ యైదును కలసి గొలుసువలె పనిచేయుచున్నవి. అందొక కడియ తెగినను హాలేజి తాడు తెగినట్లే. బాటపై మన మా గొలుసులోని యొక్క కడియను మాత్రము — లైసెన్సు కాగితమును మాత్రము — చేతబట్టుకొని భద్రముగ నుంటిమనుకొనుచున్నాము.

డ్రైవరు నొక్కనినే నిందించుటయు న్యాయము కాదు. ఓపెన్‌కాస్టు మట్టిపనియు, బొగ్గు చేరవేతయు చాలవఱకు కంట్రాక్టర్ల చేత నున్నవి. ట్రిప్పుకింత యని కూలి ముట్టుచోట ప్రతి బ్రేకును కూలివానికి నష్టముగనే కనబడును. “మెల్లగ పొమ్ము” అని గోడపై వ్రాసి, “ఇంకొక ట్రిప్పు వేయుము” అని చెవిలో చెప్పినచో వాడు దేనిని వినును? శాసనము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని పనివేళను నిర్ణయించినది. ఆ శాసనము పుస్తకములో నిద్రించుచుండగ డ్రైవరు స్టీరింగు వెనుక నిద్రించుచున్నాడు. కార్మికసంఘములకు ప్రసిద్ధిగన్న యీ ప్రాంతమున, పర్మనెంటు కార్మికుని యలవెన్సుల కొఱకు ఎలుగెత్తు సంఘములు కంట్రాక్టు టిప్పరు డ్రైవరు నిద్ర కొఱకు గూడ ఎలుగెత్తవలదా?

2018 సెప్టెంబరు 11వ తేదీని మన పొరుగుననే, జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాటుబాటపై ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగ మరణించిరి. పరిమితికి మించిన జనము ఆ బస్సులో నుండిరి. అట్టి ఘోరము నొక్క మనుష్యుని చేతిపై మోపి మఱచుట సులభము. జనము నెక్కించుకొను నలవాటు, బండి స్థితి, బాట వాలు, దానిని పోవుటకు ననుమతించిన నిర్ణయము — అన్నియు లెక్కకు రావలెను. నేర్చిన డ్రైవరు “ఇంతకుమించి యెక్కించుకొనను, ఈ బండి తీయను” అని చెప్పగలవాడు కావలెను. చెప్పినందుకు శిక్షింపబడనివాడును కావలెను. బాయిలో ప్రమాదమున్నచోట పనిచేయనని చెప్పు కార్మికుని మన మెట్లు గౌరవింతుమో, ఇతనిని నట్లే గౌరవింపవలెను.

తండ్రులకు మా మనవి ప్రత్యేకము. మోటారు వాహనముల శాసనమునకు 2019లో చేర్చిన 199-ఎ విభాగము ప్రకారము, మైనరు బండి తోలి నేరము చేసినచో సంరక్షకుడును, బండి యజమానియు దోషులు. మూడేండ్ల వఱకు కారాగారము, 25,000 రూపాయల జుల్మానా. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దు. ఆ పిల్లవానికి 25 ఏండ్లు నిండువఱకు లైసెన్సు రాదు. శాసనభయముచే గాక, ప్రేమచేతనే ఈ తప్పు మానవలెనని మా యాశ. ఇంటర్మీడియటు ప్యాసైన కుమారునికి బహుమానముగ మోటారుసైకిలు కొనియిచ్చు తండ్రి, దానితో పాటు నెలనాళ్ల శిక్షణమును, ఒక మంచి హెల్మెట్టును కొనియిచ్చినచో బహుమానము సంపూర్ణ మగును. తానే హెల్మెట్టు లేక పోవు తండ్రి యుపదేశము మాత్రము గాలికి పోవును. పిల్లలు చెవితో నేర్చుదానికంటె కంటితో నేర్చునది యెక్కువ.

ఇక కర్తవ్యమేమి? క్రొత్తగ ఆకాశమునుండి దింపవలసిన దేదియు లేదు. 2021 జూలై 1 నుండి యమలులోనికి వచ్చిన కేంద్రనియమముల ప్రకారము గుర్తింపుపొందిన డ్రైవరు శిక్షణకేంద్రములు చిన్నబండ్లకు 4 వారములలో 29 గంటలును, పెద్దబండ్లకు 6 వారములలో 38 గంటలును శిక్షణ మీయవలెను. అందు సిద్ధాంతమును, అభ్యాసమును రెండును కలవు. మన పొరుగు రాజన్న సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో డ్రైవర్ల శిక్షణకై యొక సంస్థ వెలసియున్నది. 1932లో నిజాము రైల్వేవారి రోడ్డు రవాణాశాఖగ 27 బస్సులతో ప్రారంభమైన మన ఆర్టీసీకి డ్రైవర్లను తీర్చిదిద్దుటలో తొంబదియేండ్ల యనుభవము కలదు. గోదావరిఖనిలో దాని డిపో కలదు. సింగరేణి కంపెనీకి వృత్తిశిక్షణకేంద్రములు కలవు, పెద్దయంత్రముల నెఱిగిన బోధకులు కలరు. కార్మిక కుటుంబములకు కుట్టుపని మున్నగు వృత్తులు నేర్పుచున్న సింగరేణి సేవాసమితి కలదు. ఇన్ని యుండియు, ఇవి కలసి రామగుండమున నొక మంచి డ్రైవరు విద్యాలయమును నడుపకుండుట మన యోచనాలోపమేగాని ధనలోపము కాదు.

ఆ విద్యాలయమునందు మొదటి చోటు కంట్రాక్టు టిప్పరు డ్రైవర్లకు దొరకవలెను. వారి శిక్షణకాలపు కూలిని కంట్రాక్టరుచేత నిప్పించు షరతును కంపెనీ తన టెండర్లలోనే చేర్చవచ్చును. రెండవచోటు కార్మికుల పిల్లలకు. ఆడపిల్లలకును సమానముగ. ఏటేట గనులలో జరుగు రక్షణ పక్షోత్సవములు గేటు దాటి కాలనీలలోనికిని రావలెను. నగరపాలకసంస్థ చౌరస్తాలయందు, గనిబాటలు రాజీవ్ రహదారిని కలియుచోట్ల దీపములను, గీతలను చక్కబఱుపవలెను. నేర్చినవానికి గూడ చీకటిలో కన్ను కనబడదు. పోలీసువారు జరిమానా వ్రాయుటతో తృప్తిపడక, ప్రాణనష్టము జరిగిన ప్రతి ప్రమాదమునకును రవాణా, రోడ్డు శాఖలతో కలసి కారణవిచారణ చేసి, దాని సారమును ప్రజలకు ప్రకటింపవలెను. రవాణాశాఖవారు దళారిని గేటుబయట నిలిపి, పరీక్షను పరీక్షగ జరుపవలెను. లంచముతో పుట్టిన లైసెన్సు కాగితము కాదు; ఎవనికో యొకనికి ముందుగ వ్రాసియుంచిన మరణపత్రము.

“ఇదంతయు పెద్దల పని, మే మేమి చేయుదుము?” అని వాచనాలయమున నీ పత్రికను చదువు మహాశయు డడుగవచ్చును. చేయదగినవి కలవు. వాచనాలయములయందు వారమున కొకదినము బాటనియమములను చదివి చర్చింపవచ్చును. రిటైరైన డంపరు ఆపరేటర్లు, ఆర్టీసీ డ్రైవర్లు ప్రతి కాలనీలోను ఉన్నారు. ముప్పదియేండ్లు ప్రమాద మెఱుగక తోలిన వారి యనుభవము అరుగులపై వృథా పోవుచున్నది. అట్టివారిని పిలిచి యువకులకు బోధింపజేయవచ్చును. ఇంటినుండి షిఫ్టునకు బయలుదేరునపుడు బ్రేకు, దీపము, టైరు చూచుకొను రెండునిమిషముల యలవాటును గనినుండి యింటికి తెచ్చుకొనవచ్చును. ఆలస్యమైనదని వేగమును పెంచుటకంటె, పది నిమిషములు ముందుగ బయలుదేరవచ్చును. మస్టరు తప్పినచో ఒకదినపు కూలి పోవును; ప్రాణము తప్పినచో ఎన్ని మస్టర్లు దానిని తేగలవు?

గనిలో రక్షణనియమములు ఒక్కనాడు పుట్టలేదు. కార్మికులు పోరాడిరి, సంఘములు అడిగినవి, శాసనసభలు చట్టములు చేసినవి, ప్రాణములు పోగొట్టుకొన్నవారి రక్తము వానికి సిరా యైనది. బాటనియమములకు గూడ నంతటి రక్తమును మూల్యముగ నీయవలెనా? ఈయవలసిన దానికంటె నెక్కువ యిదివఱకే యిచ్చితిమి. పొందవలసినదే మిగిలియున్నది. నేలలోపల యంత్రముతో మెలగు నేర్పును దేశమునకు చూపిన యీ ప్రాంతము, నేలపైన గూడ ఆ నేర్పును మొట్టమొదట చూపునని మేము నమ్ముచున్నాము. కంపెనీవారు, సంఘములవారు, నగరపాలకులు ఈ విషయమై యొకచోట చేరి యోచింతురుగాక యనియు, రాబోవు రక్షణ పక్షోత్సవములలోగనే ఆ విద్యాలయమునకు పునాది పడునుగాక యనియు ఆకాంక్షించుచున్నాము.